కాగితాల్లేకుండా జియోక్యాషింగ్: సిగ్నల్ లేని చోట ఫోనూ, ఈట్రెక్సూ పనిచెయ్యాలంటే

జియోక్యాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాని (దాన్నే క్యాష్ అంటారు) జీపీఎస్ కోఆర్డినేట్లతో వెతికి కనుక్కునే ఆట. మీరు అడిగింది ఇదీ: సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటున్నారు, చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, కొత్తగా గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ అనే చేతి జీపీఎస్ కొన్నారు. వేసవిలో పిల్లలతో కలిసి ‘ట్రయాడ్’ అని పిలిచే మూడు పేరున్న క్యాష్‌లూ (సియాటిల్ వైపు రెండు, ఆరెగాన్‌లో ఒకటి) పూర్తి చెయ్యాలని ఉంది. ప్రింటౌట్లు మొయ్యకుండా ఎలా వెళ్ళాలి, ఫోన్ ఒక్కటే చాలదా, డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్ళేటప్పుడు ఈట్రెక్స్ పట్టుకెళ్ళొచ్చా అని మీ సందేహాలు.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కాగితం లేకుండా వెళ్ళడమంటే ఏ పరికరం కొన్నామన్నది కాదు. క్యాష్ వివరణ, హింటు, పాత లాగ్‌లు (ముందు వెతికినవాళ్ళు రాసినవి), పార్కింగ్ కోఆర్డినేట్లు, మ్యాపు, ఇవన్నీ ఇంటి వైఫై వదలకముందే పరికరం లోపలికి చేరి ఉండాలి. ట్రైల్ దగ్గరికెళ్ళాక డౌన్‌లోడ్ చేద్దాంలే అనుకున్నవాళ్ళే ఎక్కువమంది ఖాళీ చేతులతో తిరిగొస్తారు. కాబట్టి బయలుదేరే ముందురోజు రాత్రి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక్కో క్యాష్ తెరిచి చూడండి. హింటు కనిపించాలి, కనీసం అయిదు లాగ్‌లు కనిపించాలి, మ్యాపును దగ్గరికి జూమ్ చేస్తే దారులు కనిపించాలి. ఈ మూడింట్లో ఏది రాకపోయినా మీ దగ్గర డేటా లేనట్టే.

రెండు పరికరాలకీ వేర్వేరు పనులున్నాయి. చదవడానికి, ఫొటోలు చూడటానికి, లాగ్ రాయడానికి ఫోన్. నడవడానికి, వానలో, చెట్ల కింద, గ్లవ్స్ వేసుకుని నొక్కడానికి ఈట్రెక్స్. మీ ప్రాంతంలో వాన తడికి టచ్‌స్క్రీన్ తన ఇష్టం వచ్చినట్టు స్పందిస్తుంది. ఈట్రెక్స్‌కి బటన్లూ, బొటనవేలితో తిప్పే చిన్న స్టిక్కూ ఉన్నాయి. నీటి రక్షణ ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది. ఎండ పడేకొద్దీ దాని స్క్రీన్ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్‌కి అదే ఎండలో బ్రైట్‌నెస్ మొత్తం పెంచాలి, పెంచితే బ్యాటరీ కరిగిపోతుంది. ఈట్రెక్స్ రెండు డబుల్ ఏ బ్యాటరీల మీద 25 గంటల దాకా నడుస్తుందని గార్మిన్ లెక్క. పైగా ఫోన్ బ్యాటరీ అయిపోతే దారితో పాటు కారు తాళం యాప్, ఇంటికి ఫోన్, అన్నీ పోతాయి. పిల్లలతో వెళ్ళేటప్పుడు అది చిన్న విషయం కాదు.

డేటా దించుకోవడం దగ్గర మొదలుపెడదాం. జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో ప్రీమియం సభ్యత్వం ఉంటేనే పాకెట్ క్వెరీ, అంటే ఎంచుకున్న క్యాష్‌ల వివరాలన్నీ ఒక్కసారే దించుకునే సౌకర్యం, దొరుకుతుంది. సంవత్సరానికి నాలుగైదుసార్లే వెళ్ళేవాళ్ళకి కూడా ఇది దండగ కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆఫ్‌లైన్ పని అంతా దీని మీదే ఆధారపడుతుంది. ఒక క్వెరీలో 1000 క్యాష్‌లు, రోజుకి 10 క్వెరీలు. కేంద్రంగా ఒక బిందువు, దాని చుట్టూ దూరం, మీరు ఇంకా కనుక్కోని క్యాష్‌లు మాత్రమే, మూసెయ్యనివి మాత్రమే అని ఎంచుకుని నడపండి. ఊరు పేరు కొట్టి వదిలెయ్యకుండా ట్రైల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు) కోఆర్డినేట్లే కేంద్రంగా ఇవ్వండి. సియాటిల్ లాంటి చోట డబ్బాలు ఎంత దట్టంగా ఉంటాయంటే, 1000 అనే పరిమితి కొండ దాకా చేరకముందే అయిపోతుంది.

వచ్చేది జిప్ ఫైల్. విప్పితే లోపల రెండు జీపీఎక్స్ ఫైళ్ళు (జీపీఎస్ పరికరాలు చదివే రకం) ఉంటాయి. ఒకదాంట్లో క్యాష్‌లు, రెండోదాని పేరు చివర ‘డబ్ల్యూపీటీఎస్’ అని ఉంటుంది. పార్కింగ్, ట్రైల్‌హెడ్, మధ్య మజిలీలు అన్నీ ఈ రెండోదాంట్లోనే. కొత్తవాళ్ళు మొదటిదొక్కటే కాపీ చేసి, డబ్బా వాగుకి అవతల ఉందని తెలిసినా ఏ వైపు నుంచి ఎక్కాలో తెలియక తిరుగుతుంటారు. రెండూ కాపీ చెయ్యండి. జిప్‌ను జిప్‌గానే పెడితే ఈట్రెక్స్ చదవదు, ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఊరుకుంటుంది.

ఇప్పుడు కేబుల్. 22ఎక్స్‌కి మినీ యూఎస్‌బీ కావాలి. ఇప్పటి ఫోన్ల టైప్ సీ కాదు, పాత ఫోన్ల మైక్రో కూడా కాదు. పాత డాష్‌క్యామ్‌తోనో కెమెరాతోనో వచ్చిన కేబుల్ సరిపోతుంది గానీ వాటిలో కొన్ని ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా వెళ్ళదు. ఈట్రెక్స్ వెలిగి, కంప్యూటర్‌లో డ్రైవ్ మాత్రం కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే. డ్రైవ్ కనిపించాక గార్మిన్ ఫోల్డర్‌లో ఉన్న జీపీఎక్స్ ఫోల్డర్‌లోకి ఆ రెండు ఫైళ్ళూ వెయ్యాలి. కొత్తవి వేసేముందు పోయినసారి క్వెరీ ఫైళ్ళు తీసెయ్యండి. ఒకే క్యాష్ రెండు ఫైళ్ళలో ఉంటే పాత వివరాలే చూపించవచ్చు, మారిన కోఆర్డినేట్లు మీకు చేరకపోవచ్చు. కంప్యూటర్ నుంచి లాగేముందు ఎజెక్ట్ తప్పనిసరి. కాపీ మధ్యలో కేబుల్ లాగితే జీపీఎక్స్ సగంలో తెగిపోయి, పరికరం ఆన్ అయ్యేటప్పుడు లోడింగ్ దగ్గరే ఆగిపోవచ్చు. అలా జరిగితే భయపడకండి, మళ్ళీ కంప్యూటర్‌కి తగిలించి ఆ ఫైల్ ఒక్కటి తీసేస్తే లేస్తుంది.

కంప్యూటర్ లేని చోట, ప్రయాణంలో, ఓటీజీ అడాప్టర్‌తో ఈట్రెక్స్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలించి ఫైల్ మేనేజర్‌తో కాపీ చెయ్యొచ్చు. చాలా ఫోన్లలో పనిచేస్తుంది. ముందే ఇంట్లో ఒకసారి పరీక్షించి పెట్టుకోండి.

ఈట్రెక్స్ సెట్టింగుల్లో అయిదు చూడాలి. పొజిషన్ ఫార్మాట్: డిగ్రీలు, దశాంశ నిమిషాలు. మ్యాప్ డేటమ్ (కోఆర్డినేట్ల లెక్కకి ఆధారం): డబ్ల్యూజీఎస్ 84. రౌటింగ్: డైరెక్ట్. కారు రౌటింగ్‌లో వదిలేస్తే 80 మీటర్ల దూరంలో ఉన్న డబ్బాకి రోడ్డు మీదుగా రెండు కిలోమీటర్లు చూపిస్తుంది. శాటిలైట్ సిస్టమ్: జీపీఎస్, గ్లోనాస్ (రష్యా ఉపగ్రహాలు) రెండూ, వాస్ (కచ్చితత్వం పెంచే సవరణ సిగ్నల్) ఆన్. బ్యాటరీ టైప్: మీరు వేసినదే ఎంచుకోవాలి. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులది, మామూలు ఆల్కలైన్ 1.5 వోల్టులది. ఆల్కలైన్ అని వదిలేసి రీఛార్జబుల్ వేస్తే, నిండుగా ఉన్నా సగం అయిపోయినట్టు చూపిస్తుంది. ఇంటికొచ్చాక నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసి పెట్టండి. ఆల్కలైన్ కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.

కోఆర్డినేట్ల రాత దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఈ ఆటకి మొట్టమొదటి డబ్బా 2000 మే 3న ఆరెగాన్‌లో పెట్టారు. పౌరుల జీపీఎస్‌కి కావాలని కలిపే లోపాన్ని అమెరికా ప్రభుత్వం తీసేసిన మర్నాడే అది. మీ ట్రయాడ్‌లో ఒకటైన స్మారక ఫలకం ఆ చోటే ఉంది. ఆ మొదటి డబ్బా కోఆర్డినేట్లు ఉత్తరం 45° 17.460, పశ్చిమం 122° 24.800. ఇందులో 17.460 అన్నది నిమిషాలు. ఫోన్ మ్యాపులు అడిగేది దశాంశ డిగ్రీలు. అంటే 17.460ని 60తో భాగించాలి: 45.29100. రెండోది 122.41333, పశ్చిమం కాబట్టి ముందు మైనస్. భాగించకుండా 45.17460, మైనస్ 122.24800 అని కొడితే అసలు చోటికి ఆగ్నేయంగా సుమారు 18 కిలోమీటర్ల అవతల తేలతారు. 17 నిమిషాల 46.0 సెకన్లు అని చదువుకుంటే ఉత్తరానికి 570 మీటర్ల దాకా తేడా. ఈ రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి దగ్గర్లోనే ఉన్నట్టుంటుంది, గంటసేపు తప్పు చోట వెతుకుతారు. ఇక మైనస్ మర్చిపోతే మ్యాపు మిమ్మల్ని చైనా ఈశాన్యానికి తీసుకెళ్తుంది. తూర్పు రేఖాంశాలకి అలవాటుపడ్డ మనవాళ్ళు ఈ మైనస్‌ని మర్చిపోవడం మామూలే. చేత్తో కొట్టడం ఎంత తగ్గిస్తే అంత మంచిది, జీపీఎక్స్ ఉన్నది అందుకే.

ఆ మూడో దశాంశం విలువ కూడా తెలుసుకోండి. అక్షాంశంలో 0.001 నిమిషం అంటే 1.85 మీటర్లు. మీ పరికరం ఖాళీ ఆకాశం కింద 3 నుంచి 5 మీటర్ల లోపాన్ని మోస్తుంది. డబ్బా పెట్టినాయన పరికరమూ అంతే మోసింది. రెండూ కలిస్తే చుట్టూ పది మీటర్ల మేర వెతకాల్సిందే, ఏ పరికరమూ ‘ఈ రాయి కింద’ అని చెప్పదు. డగ్లస్ ఫర్ చెట్ల కింద, కొండ గోడ పక్కన ఆ సిగ్నల్ తడి ఆకుల మీదా, బండల మీదా తగిలి ఆలస్యంగా వస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది.

22ఎక్స్‌లో అయస్కాంత దిక్సూచి లేదు, 32ఎక్స్‌లో ఉంది. కాబట్టి మీ ఈట్రెక్స్‌లో బాణం మీరు నడుస్తుంటేనే నిజం చెబుతుంది. ఆగి నిలబడితే ఎటో చూపిస్తుంది. దూరం అంకె 10 మీటర్లకు చేరాక బాణాన్ని వదిలెయ్యండి. పదిహేను, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి, వేరే దిక్కు నుంచి నిదానంగా మళ్ళీ నడిచి రండి. రెండు మూడు దిక్కుల నుంచి వచ్చినప్పుడు బాణాలు ఎక్కడ కలుస్తున్నాయో ఆ చోటు నుంచి వెతకడం మొదలుపెట్టండి. పరికరాన్ని ఒక బండ మీద నిమిషం రెండు నిమిషాలు ఆకాశం కనిపించేలా ఉంచితే అంకె కుదురుకుంటుంది. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది గానీ అయస్కాంతపు మూత ఉన్న కవర్లు, కారు హోల్డర్ కోసం వెనక అంటించే అయస్కాంతపు రేకులు దాన్ని పాడుచేస్తాయి. కవర్ తీసి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పితే సర్దుకుంటుంది.

ఇక ఫోన్. ఆండ్రాయిడ్‌లో సీజియో యాప్ నా మొదటి ఎంపిక. ఓపెన్ సోర్స్, ఉచితం, ఆఫ్‌లైన్‌కి బాగా పనికొస్తుంది. ఐఫోన్ వాడే మీ కుటుంబ సభ్యులకి క్యాష్‌లీ. అధికారిక యాప్ అందంగా ఉంటుంది, ప్రీమియంతో లిస్టును ఆఫ్‌లైన్‌కి దించుకోవచ్చు. సీజియోలో మీ లిస్టు తెరిచి, అన్నిటినీ ‘స్టోర్’ చెయ్యండి. వివరణ, హింటు, లాగ్‌లు, ఫొటోలు లోపలికి వస్తాయి. దీనికొక కారణం ఉంది: జీపీఎక్స్‌లో ఫొటోలు రావు. వివరణలో ‘కింది బొమ్మ చూడండి’ అని ఉంటే ఈట్రెక్స్‌లో బొమ్మ లేని మాటే కనిపిస్తుంది. మ్యాపు విడిగా దించుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారిత ఆఫ్‌లైన్ మ్యాపు వాషింగ్టన్ రాష్ట్రానిది ఒక్కటి చాలు, ట్రైల్స్ అందులో బాగుంటాయి.

యాప్ అనుమతుల్లో ‘ప్రిసైస్ లొకేషన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ఫోన్ ఉజ్జాయింపుగా ఒక ప్రాంతాన్నే చూపిస్తుంది, బాణం అర్థం లేకుండా తిరుగుతుంది. బ్యాటరీ సేవర్ స్క్రీన్ ఆగగానే జీపీఎస్‌ను కూడా ఆపెయ్యొచ్చు. ఆ యాప్‌కి మాత్రం మినహాయింపు ఇవ్వండి.

ఫ్లైట్ మోడ్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. అది వినడమే తప్ప పంపడం కాదు. సిగ్నల్ లేని లోయలో ఫోన్ టవర్ కోసం ఊరికే వెతుక్కుంటూ బ్యాటరీ తింటుంది, కాబట్టి అక్కడ ఫ్లైట్ మోడే మేలు. కాకపోతే ఒక మెలిక. ఫోన్ మామూలుగా ఉపగ్రహాల సమాచారాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని క్షణాల్లో స్థానం పట్టుకుంటుంది. నెట్ లేకపోతే ఆ సమాచారాన్ని ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాల్ని 30 సెకన్లకోసారి పంపుతుంది, మొత్తం ఉపగ్రహాల పట్టికకైతే 12.5 నిమిషాలు పడుతుంది. కాబట్టి సిగ్నల్ పోయే ముందే, దారిలో ఆగిన గ్యాస్ స్టేషన్ దగ్గర ఒకసారి యాప్ తెరిచి స్థానం పట్టించండి. ఆ తర్వాత ఫ్లైట్ మోడ్.

ట్రయాడ్‌కి ఇవన్నీ ఎలా అన్వయిస్తాయో చూద్దాం. మొదటిది సియాటిల్ ఫ్రీమాంట్‌లోని జియోక్యాషింగ్ ప్రధాన కార్యాలయం, క్యాష్ కోడ్ జీసీకే25బీ. అది లోపలికి వెళ్ళి చూసే క్యాష్, సందర్శన వేళలు పేజీలో చూసుకుని వెళ్ళాలి, జీపీఎస్ కష్టం ఏమీ లేదు. రెండోది జీసీ1169, 2001లో ఒక సినిమా ప్రచారం కోసం పెట్టిన క్యాష్‌లలో ఒకటి. స్నోక్వాల్మీ రైలు సొరంగానికి పడమటి వైపు ఉంటుంది, తూర్పు చివర ఉన్న హయాక్ వైపు నుంచి సొరంగంలోంచి నడిచి వెళ్తారు. సొరంగం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు, పాత రైలు దారి కాబట్టి నేల చదును. లోపల చీకటి, చలి. మనిషికో హెడ్‌ల్యాంప్, జాకెట్ కావాలి. చలికాలంలో సొరంగం తలుపులు మూసేస్తారు, సాధారణంగా నవంబర్ నుంచి మే మొదటి దాకా. హయాక్‌లో కారు పెట్టడానికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల్లో కారు పెట్టే అనుమతి) కావాలి.

సొరంగం లోపల ఏ జీపీఎస్సూ పనిచెయ్యదు. కానీ అది ‘పనిచెయ్యడం లేదు’ అని వెంటనే చెప్పదు, చివరిసారి పట్టుకున్న చోటునే చూపిస్తుంది, లేదా మీ వేగాన్ని బట్టి కాసేపు ఊహించి ముందుకు జరుపుతుంది. అందుకని లోపలికి వెళ్ళేముందు హయాక్ చివర ఒక వేపాయింట్ (పరికరంలో ఆ చోటికి గుర్తు) పెట్టండి, తిరుగు ప్రయాణానికి అదే ఆధారం. అవతలికి వచ్చాక వెంటనే బాణం వెంట పరుగెత్తకండి. రెండు నిమిషాలు ఆకాశం కనిపించే చోట నిలబడి, శాటిలైట్ పేజీలో కచ్చితత్వం అంకె పది మీటర్ల లోపుకి దిగాక కదలండి. పిల్లలు ఆగరు, వాళ్ళకి ఈలోపు హింటు చదివి వినిపించండి. వెబ్‌సైట్‌లో హింటు 13 అక్షరాలు జరిపిన రహస్య లిపిలో ఉంటుంది గానీ ఈట్రెక్స్‌లో మామూలు ఇంగ్లీషులోనే కనిపిస్తుంది, ముందే పిల్లల కంట పడకూడదంటే చూసుకోండి.

మూడోది ఆరెగాన్‌లోని ఫలకం, జీసీజీవీ0పీ. సియాటిల్ నుంచి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారి పొడవునా డబ్బాలు కావాలంటే పాకెట్ క్వెరీలోనే ‘రూట్ వెంబడి’ అనే పద్ధతి ఉంది. ఆ క్వెరీని బయలుదేరే ముందురోజే నడపండి. వారం కిందటి ఫైల్‌లో బతికున్న డబ్బా ఈలోపు మాయమై ఉండొచ్చు, పరికరానికి ఆ సంగతి తెలీదు. చివరి రెండు మూడు లాగ్‌లు దొరకలేదనే ఉంటే పిల్లల్ని అటు తీసుకెళ్ళకండి.

మిస్టరీ క్యాష్‌లు, అంటే పజిల్ విప్పితేనే అసలు చోటు తెలిసేవి, ఇంట్లో విప్పాక సరైన కోఆర్డినేట్లను ఆ క్యాష్ పేజీలోనే సరిదిద్ది, తర్వాత క్వెరీ నడపండి. జీపీఎక్స్‌లో సరిదిద్దినవే వస్తాయి. మల్టీలలో (ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి పంపే క్యాష్‌లలో) రెండో మజిలీ కోఆర్డినేట్లు ట్రైల్ మీద తెలుస్తాయి కాబట్టి కొత్త వేపాయింట్‌గా కొట్టుకోవాలి. ‘ఇక్కణ్ణుంచి ఫలానా దిక్కుకి ఇన్ని మీటర్లు’ అని ఉంటే ఈట్రెక్స్ వేపాయింట్ మెనూలో ప్రొజెక్ట్ అనే ఎంపిక ఉంది.

కాగితం వద్దన్నా పెన్ను తప్పదు. డబ్బాలో ఉండే లాగ్‌బుక్‌లో సంతకం చేస్తేనే కనుక్కున్నట్టు. నానో డబ్బాల్లో రోల్ చేసిన చీటీ చిటికెనవేలు గోరంత వెడల్పే ఉంటుంది, సన్నని ముక్కు పెన్ను, దాన్ని బయటికి లాగడానికి ట్వీజర్స్ పెట్టుకోండి.

లాగింగ్‌కి ఈట్రెక్స్‌లోనే ‘ఫౌండ్’ లేదా ‘దొరకలేదు’ నొక్కండి. ఆ వివరాలన్నీ గార్మిన్ ఫోల్డర్‌లో జియోక్యాష్ విజిట్స్ అనే టెక్స్ట్ ఫైల్‌లో చేరతాయి. ఇంటికొచ్చి ఆ ఫైల్‌ను సైట్‌లో డ్రాఫ్ట్స్ పేజీకి ఎక్కిస్తే వరుసగా వచ్చేస్తాయి, ఒక్కోదానికీ నాలుగు మాటలు రాసి పంపొచ్చు. ఫైల్‌లో సమయం గ్రీనిచ్ లెక్కన ఉంటుంది. సైట్ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ తప్పుగా ఉంటే, వేసవిలో సాయంత్రం అయిదు దాటాక కనుక్కున్నవి మర్నాటి తారీకుతో కనిపిస్తాయి. ఎక్కించాక ఆ ఫైల్ తీసెయ్యండి, లేకపోతే తర్వాతిసారి పాతవీ మళ్ళీ వస్తాయి. తీసేసినా పరికరం కొత్తది తయారుచేసుకుంటుంది. ట్రావెల్ బగ్ (డబ్బా నుంచి డబ్బాకి తిరిగే నంబరు బిళ్ళ) దొరికితే దాని నంబర్‌ను ఫొటో తీసి పెట్టుకోండి, ఆ ఫొటోను మాత్రం లాగ్‌లో బయట పెట్టకండి.

చివరగా హైదరాబాద్. 22ఎక్స్ ఉపగ్రహాలను వింటుందే తప్ప దేనికీ పంపదు. ఇబ్బంది ఇన్‌రీచ్ ఉన్న మోడళ్ళతో. గార్మిన్ పేర్లలో చివర ‘ఐ’ ఉన్నవి, అంటే 66ఐ, 67ఐ, మోంటానా 700ఐ లాంటివి, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతాయి. ఇలాంటివి అనుమతి లేకుండా ఇండియాలోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులు ఎదుర్కొన్న విదేశీయులున్నారు. స్నేహితుల దగ్గర అరువు తీసుకుని కూడా తేవద్దు. మీ 22ఎక్స్‌ను చేతి సంచిలోనే పెట్టుకుని, అడిగితే ట్రెక్కింగ్ జీపీఎస్ అని చూపించండి. విమానాశ్రయం, రక్షణ సంస్థల పరిసరాల్లో దాన్ని తీసి పొదల్లో వెతుకుతూ నిలబడకండి.

అమెరికాలో కొన్న ఈట్రెక్స్‌లో ఉత్తర అమెరికా మ్యాపే వివరంగా ఉంటుంది, హైదరాబాద్ దగ్గర దాదాపు ఖాళీ స్క్రీన్ చూస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన గార్మిన్ ఇండియా మ్యాపు దించి, ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన 32 జీబీ లోపు మైక్రో ఎస్‌డీ కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి అందులో వెయ్యండి. కార్డు స్లాట్ బ్యాటరీల కింద ఉంటుంది. అక్కడికెళ్ళాక ఇండియా మ్యాపులకి ఇండియన్ డేటమ్ పెట్టాలి అని ఎవరైనా చెప్పొచ్చు. అది పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లకి వర్తించే మాట. క్యాష్ కోఆర్డినేట్లు ప్రపంచమంతా డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటాయి, మారిస్తే వంద మీటర్లకు పైగా పక్కకి పోతారు. వాస్ సెట్టింగ్ కూడా అలాగే ఉంచండి. హైదరాబాద్ చుట్టూ డబ్బాలు సియాటిల్ అంత దట్టంగా ఉండవు కాబట్టి క్వెరీ దూరాన్ని 50 కిలోమీటర్లు పెట్టినా ఒక్క ఫైల్‌లో వచ్చేస్తాయి.